బండి చక్రాల బేరింగులను ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా?

"బేరింగులు మార్పించి మూడు నెలలు కాలేదు, చక్రం మళ్ళీ గురగురమంటోంది. నకిలీ సరుకు వేశారంటారా?" నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఇది. నకిలీ బేరింగులు బజారులో ఉన్నాయన్నది నిజమే. అయినా కొత్త బేరింగు అంత త్వరగా పాడైందంటే నేను ముందు అనుమానించేది దాన్ని హబ్‌లోకి, అంటే చక్రం మధ్యనున్న గుండ్రటి భాగంలోకి, దిగగొట్టిన పద్ధతిని. ఎక్కడ కొట్టాలో, ఎప్పుడు ఆపాలో తెలిస్తే ఈ పనిని ఇంటి వరండాలో ఒక పూటలో ముగించవచ్చు. ఇక్కడ ముందు చక్రానికి డ్రమ్ము బ్రేకు ఉన్న 100, 125 సీసీ మోటార్‌సైకిల్‌ను ఉదాహరణగా తీసుకుని, వెనుక చక్రంలోనూ డిస్కు బ్రేకు ఉన్న చక్రంలోనూ వచ్చే తేడాలను చివర చెబుతాను.

ముందు తేల్చుకోవలసింది: పోయింది బేరింగేనా?

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనుక సీటు మీద ఒకరిని కూర్చోబెడితే ముందు చక్రం గాలిలోకి లేస్తుంది. టైరు పైభాగాన్ని ఒక చేత్తో, కింది భాగాన్ని మరో చేత్తో పట్టుకుని, ఒకదాన్ని మీ వైపు లాగుతూ రెండోదాన్ని అవతలికి నెట్టండి. చక్రం మాత్రమే 'టకటక' ఆడుతూ ఫోర్కు కదలకుండా ఉంటే బేరింగు అరిగినట్లే. ఫోర్కు కింది భాగాన్ని ముందుకూ వెనక్కూ లాగినప్పుడు హ్యాండిల్ మెడ దగ్గర కదలిక తెలిస్తే అది కోన్‌సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగుల, సమస్య. వెనుక చక్రాన్ని ఇలాగే ఆడించినప్పుడు దానితో పాటు స్వింగ్‌ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి) కూడా కదిలితే పోయింది దాని బుష్షులు.

తర్వాత చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి, పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను యాక్సిల్ (చక్రం మధ్యగా పోయే ఇరుసు) చివర ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఇసుక నలిగినట్టు ఆగకుండా వచ్చే శబ్దం బేరింగుది. చుట్టుకొకసారి 'స్‌స్' మని వచ్చి ఆగేది బ్రేకు షూ డ్రమ్మును తాకే శబ్దం. దానికోసం బేరింగులు మార్చనక్కరలేదు.

కావలసినవి

మీ యాక్సిల్ నట్టుకు సరిపడే పానాలు, ఒక కిలో సుత్తి, కొన చదునుగా ఉండి ఒక అడుగు పొడవున్న ఇనుప పంచ్, రెండు చెక్క దిమ్మలు, లిథియం గ్రీజు, కిరసనాయిలు, పాత గుడ్డలు. కొన్ని బండ్లలో బేరింగు మీద సర్‌క్లిప్ (బేరింగు జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు) ఉంటుంది కనుక అటువంటి బండికి సర్‌క్లిప్ ప్లయర్ కూడా కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది బేరింగు బయటి రింగు అంచుకు సరిగ్గా సరిపోయే సాకెట్టు. దాని వ్యాసం బేరింగు కన్నా అర మిల్లీమీటరో మిల్లీమీటరో తక్కువగా ఉండాలి. సాకెట్టు లేకపోతే పాత బేరింగే ఆ పని చేస్తుంది. దాని బయటి అంచును గ్రైండర్ మీద కొద్దిగా అరగదీసుకుంటే హబ్‌లో ఇరుక్కోకుండా తిరిగి బయటికి వస్తుంది.

ఇక బేరింగుల సంగతి. పాత బేరింగు పక్కన చెక్కి ఉన్న నంబరే మీకు ప్రమాణం. ఈ తరగతి బండ్లలో చాలావాటి ముందు చక్రానికి 6301 వస్తుంది. దాని కొలతలు లోపలి రంధ్రం 12, బయటి వ్యాసం 37, మందం 12 మిల్లీమీటర్లు. నంబరులోని చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం కొలతను చెబుతాయి: 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17 మిల్లీమీటర్లు, 04 నుంచి ఆ అంకెను ఐదుతో గుణిస్తే సరిపోతుంది. 6301, 6201 రెండింటిలోనూ యాక్సిల్ పడుతుంది కానీ 6201 బయటి వ్యాసం 32 మిల్లీమీటర్లే. కాబట్టి "12 యాక్సిల్‌కు బేరింగు ఇవ్వండి" అని అడిగితే చాలదు, పూర్తి నంబరు చెప్పాలి.

నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉందని అర్థం, జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత. మన వానలకూ బురదకూ 2ఆర్ఎస్ తీసుకోవడం మేలు. ఎన్ఎస్‌కే కంపెనీవారు దీన్నే డీడీయూ అనీ, ఎన్‌టీఎన్ కంపెనీవారు ఎల్ఎల్‌యూ అనీ రాస్తారు కనుక అవి కనిపిస్తే కంగారు పడకండి. స్పేర్ పార్టుల కొట్టు కన్నా బేరింగులు మాత్రమే అమ్మే కొట్టు నయమని నా అభిప్రాయం. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో అటువంటి కొట్టులో పాత బేరింగు చూపిస్తే నంబరు చెప్పే పని కూడా ఉండదు. ఎప్పుడూ జతగా మార్చండి. వాటితో పాటు ఆయిల్ సీళ్ళు (నీళ్ళూ దుమ్మూ లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగులు) కూడా కొత్తవి తీసుకోండి, ఎందుకంటే పాత సీలులోంచి నీళ్ళు దిగడం వల్లనే చాలాసార్లు బేరింగు పోతుంది. వాటర్ సర్వీసింగులో గన్నును హబ్ మీదికి నేరుగా పెట్టించుకునేవారికి ఈ అవస్థ ఎక్కువ.

పని మొదలుపెడదాం

1. కొత్త బేరింగులను ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టే అరలో కనీసం రెండు గంటలు ఉంచండి. ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

2. చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టును కొద్దిగా వదులు చేయండి. ఆ తర్వాతే బండిని ఎత్తి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టండి. సైడ్ స్టాండు మీద ఉన్న బండికి ఈ పని తలపెట్టవద్దు. బ్రేకు కేబులూ స్పీడోమీటర్ కేబులూ ఊడదీసి, యాక్సిల్ లాగే ముందు రెండు వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీసుకోండి. ఏ బుష్షు ఏ వైపుది, దాని సన్నటి అంచు లోపలికా బయటికా అన్న సందేహం సాయంత్రానికి తప్పక వస్తుంది. యాక్సిల్ బిగుసుకుపోతే దాని మర మీద సుత్తితో నేరుగా కొట్టకుండా, నట్టును చివరి వరకూ ఎక్కించి, చెక్కముక్క అడ్డుపెట్టి కొట్టండి.

3. చక్రం బయటికి వచ్చాక బ్రేకు ప్లేటు తీసి పక్కన పెట్టండి. డ్రమ్ములోని నల్లటి పొడిని నోటితో ఊదవద్దు, గాలి పైపుతో కొట్టవద్దు. అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక తడిగుడ్డతో తుడవండి. తర్వాత ఆయిల్ సీలును స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తీసేయండి. సర్‌క్లిప్ ఉంటే అదీ తీయండి. సర్‌క్లిప్ ఉన్న సంగతి గమనించక బేరింగును సుత్తితో బాది హబ్ పగలగొట్టుకున్నవారు ఉన్నారు. కాబట్టి మొదటి దెబ్బకు ముందు లైటు వేసి ఒకసారి చూడండి. బేరింగు ఎంత లోతులో కూర్చుందో కూడా కొలిచి రాసుకోండి.

4. చక్రాన్ని రెండు చెక్క దిమ్మల మీద పడుకోబెట్టండి. రెండు బేరింగుల మధ్య ఒక ఇనుప గొట్టం ఉంటుంది. దీన్నే స్పేసర్ అంటారు. పైనుంచి వేలితోనో స్క్రూడ్రైవర్‌తోనో ఆ గొట్టాన్ని ఒక పక్కకు నెడితే, కింది బేరింగు లోపలి రింగు అంచు గోరు మందాన కనిపిస్తుంది. పంచ్‌ను అక్కడ ఆనించి కొట్టండి. గడియారంలో 12 దగ్గర ఒక దెబ్బ, 6 దగ్గర ఒకటి, తర్వాత 3, 9 దగ్గర చెరొకటి, ఇలా చుట్టూ మారుస్తూ పోవాలి. ఒకే చోట కొడితే బేరింగు ఓరగా తిరిగి హబ్ గోడను గీరేస్తుంది. ఒక బేరింగు పడిపోయాక స్పేసర్ బయటికి వస్తుంది. ఇక చక్రాన్ని తిరగేసి రెండోదాన్ని కొట్టడం సులువు. తీసేటప్పుడు లోపలి రింగు మీద కొట్టక తప్పదు కనుక, ఒకసారి తీసిన బేరింగు ఎంత బాగున్నా మళ్ళీ వేయకూడదు.

ఒక్కోసారి లోపలి రింగూ గోళీలూ ఊడివచ్చి, బయటి రింగు హబ్‌లోనే ఉండిపోతుంది. దానికోసం ఉలితో కుస్తీ పట్టకుండా చక్రాన్ని వెల్డింగు షాపుకు తీసుకుపోండి. ఆ రింగు లోపలి ముఖం మీద చుట్టూ వెల్డింగు గీత వేయిస్తే, అది చల్లారేటప్పుడు రింగు కుంచించుకుని చేత్తో లాగితే వస్తుంది. ఇంత తేలికైన ఉపాయం ఉండగా హబ్‌కు గాట్లు పెట్టుకోవడం దేనికి?

5. హబ్ లోపలి భాగాన్ని కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టండి. బ్రేకు షూలు తాకే డ్రమ్ము ముఖానికి గ్రీజు గానీ కిరసనాయిలు గానీ అంటితే, ఆ చోటును సబ్బు నీళ్ళతో కడిగి పూర్తిగా తుడవాలి. బేరింగు కూర్చునే గూడులో వేలు పెట్టి తిప్పితే నున్నగా ఉండాలి. గాట్ల అంచులు తగిలితే నెంబరు 400 గరుకు కాగితంతో ఆ అంచులను మాత్రమే తీయండి, గూడు మొత్తాన్ని రుద్దవద్దు. యాక్సిల్‌ను అద్దం మీద దొర్లించి చూడండి. అది ఎగిరెగిరి దొర్లితే వంగినట్లు; దాన్ని మార్చకుండా కొత్త బేరింగులు వేయడం డబ్బు దండగ. స్పేసర్ రెండు చివరలూ చదునుగా ఉన్నాయో లేదో చూడండి. అంచులు నలిగి పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే పొడవు తగ్గినట్లే కనుక కొత్తది కొనండి.

6. ఫ్రిజ్‌లో చల్లబడ్డ ఉక్కు బేరింగు కొద్దిగా కుంచించుకుంటుంది. అది కూర్చునే గూడు విశాలం కావడానికి అల్యూమినియం హబ్‌ను వేడి చేయాలి. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 37 మిల్లీమీటర్ల గూడును 80 డిగ్రీలు అదనంగా వేడి చేస్తే సుమారు 0.07 మిల్లీమీటరు విశాలమవుతుంది. వినడానికి తక్కువే అయినా, సుత్తితో పది దెబ్బలు కొట్టవలసిన చోట రెండు దెబ్బలు చాలేటంత తేడా అది. హీట్ గన్ ఉంటే ఐదారు నిమిషాలు గూడు చుట్టూ తిప్పండి. నీటిచుక్క వేస్తే 'చుయ్' మని ఆవిరవడమే గుర్తు. హీట్ గన్ లేకపోతే పాతకాలపు 100 వాట్ల బల్బును హబ్ రంధ్రం మీద బోర్లించి, పైన గుడ్డ కప్పకుండా, గంటసేపు వెలిగించి ఉంచండి. మరిగే నీళ్ళు పోయడం కూడా ఒక పద్ధతే కానీ, ఆ తర్వాత తడి మొత్తం తుడిచేసరికి సగం వేడి పోతుంది. గ్యాసు మంట మాత్రం వద్దు. మంట ఒక చోటే పడి హబ్ రంగు కాలిపోతుంది, పక్కనే టైరు ఉందన్న సంగతి సరేసరి.

7. మొదటి బేరింగును ఏ వైపు వేయాలో మీ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ దొరకకపోతే, గూడు అడుగున గట్టు స్పష్టంగా ఉండి, పాత బేరింగు ఆ గట్టుకు పూర్తిగా ఆని కూర్చున్న వైపు ముందు వేయండి. మూడో మెట్టులో రాసుకున్న లోతు ఇక్కడ పనికొస్తుంది. బేరింగును ఫ్రిజ్‌లోంచి తీసి, మీద పట్టిన చెమ్మ తుడిచి, బయటి అంచుకు పలుచగా నూనె రాసి, నంబరు కనిపించే ముఖం బయటికి ఉండేలా గూడు మీద సమంగా పెట్టండి. ఒకవైపే సీలు ఉన్న బేరింగు అయితే సీలు బయటికి ఉండాలి, లోపలి వైపు గోళీల సందుల్లో సగం వరకు గ్రీజు నింపాలి. రెండు వైపులా సీలు ఉన్నదాన్ని విప్పి గ్రీజు పెట్టనక్కరలేదు.

ఇప్పుడు సాకెట్టును బయటి రింగు మీద ఆనించి కొట్టండి. లోపలి రింగు మీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు. అక్కడ కొడితే ఆ బరువంతా గోళీల మీదుగా బయటి రింగుకు చేరి, గోళీలు నడిచే దారిలో సూది గుచ్చినట్టు గుంటలు పడతాయి. అవి కంటికి కనిపించవు. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు, చేతికందిన 19 నంబరు సాకెట్టును మధ్యలో పెట్టి నాలుగు దెబ్బలు వేశాను. బేరింగు ముచ్చటగా కూర్చుంది. నెల తిరగకుండానే 40 కిలోమీటర్ల వేగం దాటితే చాలు, చక్రంలోంచి పిండిమర శబ్దం మొదలైంది. విప్పి కిరసనాయిలులో కడిగి వేలితో తిప్పితే ప్రతి గోళీ ఒక్కో గుంటలో పడి లేస్తున్నట్టు వేలికి స్పష్టంగా తగిలింది.

బేరింగు ఓరగా పోతున్నట్టు కనిపిస్తే ఎత్తుగా ఉన్న వైపు మెల్లగా తట్టి సరిచేయండి. గట్టుకు ఆనగానే సుత్తి శబ్దం మారుతుంది. అప్పటివరకూ 'దబ్ దబ్' మన్నది 'ఠంగ్' మంటుంది. చేతికి కూడా దెబ్బ గట్టిగా తిరిగి తగులుతుంది. అక్కడితో ఆపండి.

8. చక్రాన్ని తిరగేసి స్పేసర్‌ను లోపల పెట్టండి. నవ్వకండి, దీన్ని మరిచి రెండో బేరింగు దిగగొట్టినవారు ఎందరో ఉన్నారు. స్పేసర్ లేకుండా యాక్సిల్ బిగిస్తే రెండు లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి నొక్కుకుపోయి బేరింగులు త్వరగానే నలిగిపోతాయి. స్పేసర్‌కు పలుచగా గ్రీజు రాస్తే తుప్పు పట్టదు.

9. రెండో బేరింగును ఎంతవరకు దిగగొట్టాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. రెండో వైపున బేరింగు తన గట్టు దాకా పోవాలని పట్టుబట్టకూడదు. దాని లోపలి రింగు స్పేసర్‌ను తాకగానే ఆగాలి. ఆ తర్వాత ఇంకా కొడితే బయటి రింగు ముందుకు పోతుంది, లోపలి రింగును స్పేసర్ అడ్డుకుంటుంది, గోళీలు పక్కవాటంగా ఒత్తుకుపోతాయి. అందువల్ల చివరి రెండు మిల్లీమీటర్లలో ప్రతి చిన్న దెబ్బ తర్వాత యాక్సిల్ కొనను లోపలికి దూర్చి స్పేసర్‌ను కదిపి చూడండి. మొదట అది గలగలా ఆడుతుంది. కొంత బలం పెడితేనే పక్కకు జరిగే స్థితికి వచ్చినప్పుడు పని పూర్తయినట్లు. ఎంత నెట్టినా కదలకుండా బిగుసుకుపోతే ఎక్కువ కొట్టారన్నమాట. అప్పుడు రెండో బేరింగును వెంట్రుకవాసి వెనక్కి తేవాలి.

సుత్తి మీద నమ్మకం లేనివారికి మరో దారి ఉంది. హార్డ్‌వేర్ కొట్లో దొరికే 10 మిల్లీమీటర్ల మర కడ్డీ ఒకటి, రెండు నట్లు, మందపాటి వాషర్లు తీసుకుని, చక్రం గుండా కడ్డీ దూర్చి, బయటి రింగు మీద సాకెట్టు ఆనేలా పెట్టి నట్టు బిగిస్తూ పోతే బేరింగు శబ్దం లేకుండా దిగుతుంది. నాకిప్పుడు ఇదే అలవాటు. దెబ్బలు లేవు కనుక ఎక్కడ ఆపాలో చేతికి బాగా తెలుస్తుంది.

బేరింగు గూడులోకి వేలి ఒత్తిడికే జారిపోతే గూడు అరిగిందని అర్థం. సెంటర్ పంచ్‌తో గూడు చుట్టూ చుక్కలు కొట్టి బిగువు తెప్పించడం మనవైపు మామూలే. ఆ బిగువు ఆ నాలుగు చుక్కల మీదే నిలబడుతుంది కనుక కొద్ది రోజులకే వదిలేస్తుంది. అరుగు స్వల్పమైతే బేరింగులను పట్టి ఉంచే రిటైనింగ్ జిగురు పనిచేస్తుంది. ఎక్కువైతే లేతు పనివారి చేత గూడుకు బుష్షు వేయించాలి, లేదా హబ్ మార్చాలి.

10. చక్రం ఎక్కించే ముందు రెండు లోపలి రింగులలోనూ వేలు పెట్టి తిప్పి చూడండి. తేనెలో తిరిగినట్టు నెమ్మదిగా, ఒకే తీరుగా తిరగాలి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే ఎనిమిది, తొమ్మిది మెట్లలో ఎక్కడో తేడా వచ్చింది. చక్రం ఎక్కించాక అదే సర్దుకుంటుందని వదిలేయకండి. బాగుంటే కొత్త ఆయిల్ సీలు పెదవికి గ్రీజు రాసి, చదును చెక్కతో సమంగా నొక్కండి. స్పీడోమీటర్ గేరు కొక్కేలు హబ్‌లోని గాట్లలో పడ్డాయో లేదో వేలితో చూసుకోండి. పడకుండా బిగిస్తే గేరు నలిగిపోతుంది.

చక్రాన్ని ఫోర్కు మధ్యకు ఎక్కించేటప్పుడు బ్రేకు ప్లేటు మీది గాడిలో ఫోర్కు కాలి మీది బొడిపె కచ్చితంగా కూర్చోవాలి. ఈ పనిలో ప్రాణానికి ముప్పు తెచ్చే పొరపాటు ఏదైనా ఉంటే ఇదే. అది కూర్చోకపోతే బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబులు చుట్టుకుని, ముందు చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. నట్టును పూర్తిగా బిగించే ముందు చక్రం తిప్పి రెండు మూడుసార్లు బ్రేకు నొక్కితే ప్లేటు తన చోట సర్దుకుంటుంది. ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. నైలాన్ రింగు ఉన్న నట్టు చేతివేళ్ళతోనే చివరిదాకా తిరిగితే దాన్ని పారేసి కొత్తది వేయండి.

వెనుక చక్రంలో తేడాలు

చాలా బండ్లలో వెనుక హబ్‌లోని రెండు బేరింగులు కాక, చైను స్ప్రాకెట్‌ను మోసే డ్రమ్ములో మూడో బేరింగు ఉంటుంది. చైను లాగుడంతా భరించేది అదే కనుక చాలాసార్లు ముందు పోయేది కూడా అదే. హబ్‌లో రెండూ మార్చినా ఆడడం తగ్గలేదంటే అక్కడే చూడండి. దాని నంబరు మిగతా వాటి నంబరు కాకపోవచ్చు. ఆ డ్రమ్ము తీసినప్పుడు లోపలి రబ్బర్లు నలిగి ఉంటే అవీ మార్చండి. బ్రేకు ప్లేటును స్వింగ్‌ఆర్మ్‌కు కలిపే రాడ్డు నట్టును, దానికి పిన్ను ఉంటే ఆ పిన్నును మరవవద్దు. చైను కింది వైపు మధ్యలో వేలితో ఎత్తినప్పుడు ఈ తరగతి బండ్లలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి; రెండు వైపులా సర్దుబాటు గీతలు సమానంగా ఉండాలి. చైను బిగువుగా ఉంచితే కొత్త బేరింగును మీరే అరగదీస్తున్నట్లు.

డిస్కు బ్రేకు ఉంటే

చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు లీవరు నొక్కవద్దు, పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టి ఉంచండి. చక్రాన్ని ఎప్పుడూ డిస్కు మీద పడుకోబెట్టవద్దు, అది వంగుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో సెన్సార్‌ను, దాని రింగును హీట్ గన్ వేడికీ సుత్తి దెబ్బకూ దూరంగా ఉంచండి. అంతా బిగించాక, బండి కదిలే ముందే, లీవరు గట్టిపడే వరకు నొక్కండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

నట్టు బిగించక ముందు చక్రాన్ని ఒకసారి, బిగించాక మరోసారి చేత్తో తిప్పండి. రెండుసార్లూ దాదాపు ఒకేలా తిరిగితే స్పేసర్ తన పని చేస్తున్నట్లు. బిగించగానే చక్రం బరువెక్కితే స్పేసర్ పొట్టిదైపోయింది, లేదా బుష్షు తిరగబడింది. మొదట చేసిన ఆడింపు పరీక్ష మళ్ళీ చేయండి. ఈసారి ఏ కదలికా తెలియకూడదు.

తర్వాత రద్దీ లేని దారిలో, మొదట 20 వేగంతో బ్రేకులు చూసుకుని, అంతా బాగుంటే ఐదారు కిలోమీటర్లు నడపండి. చివరి కిలోమీటరులో బ్రేకు వీలైనంత తక్కువ వాడి, బండి ఆపగానే హబ్ మధ్యభాగాన్ని, యాక్సిల్ చివరను ముట్టుకోండి. డ్రమ్ము బ్రేకు వాడితే హబ్ ఎటూ వేడెక్కుతుంది కనుకనే ఈ జాగ్రత్త. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగుసుకుపోయినట్లు, బండిని అక్కడినుంచి మెల్లగా ఇంటికి తెచ్చి తొమ్మిదో మెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. ఏ తేడా లేకపోతే 100 కిలోమీటర్లు తిరిగాక యాక్సిల్ నట్టును ఒకసారి పానా పెట్టి చూసి, పాత బేరింగుల్లో ఒకదాన్ని గ్రైండర్ మీద అరగదీసి వచ్చేసారికి దాచుకోండి.